అక్క రిసెప్షన్‌కి జుట్టు రింగులు నిలవడం లేదు. వదిన తెచ్చిన అమెరికా టాంగ్ వాడొచ్చా?

కాకినాడ_చిన్నది:

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్లి శ్రావణమాసంలో. ముహూర్తం రాత్రి, రిసెప్షన్ మర్నాడు సాయంత్రం. పెళ్లికి పూలజడ వేసే ఆవిడ కుదిరారు, దాని గురించి బెంగ లేదు. రిసెప్షన్‌కి జుట్టు వదులుగా వదిలేసి చెవుల కిందనుంచి పెద్ద పెద్ద రింగులు వేయించుకోవాలని అక్క కోరిక. ఆ పని నేను చేస్తానని మాటిచ్చాను. మూడు వారాలుగా ప్రతి ఆదివారం ప్రాక్టీస్ చేస్తున్నాను, రావడం లేదు.

అక్క జుట్టు నడుము దాకా ఉంటుంది. ఒత్తు, సాఫీ. నా దగ్గర ఉన్నది ఇక్కడే కొన్న 25 మి.మీ. టాంగ్ (జుట్టు చుట్టి రింగులు తిప్పే కరెంటు కడ్డీ), ఎన్ని డిగ్రీలో అంకెల్లో చూపిస్తుంది. 210లో పెట్టి చుడుతున్నాను. తీయగానే రింగు స్ప్రింగులా ఎంతో అందంగా వస్తుంది. ఫొటో తీసేలోపు జారిపోతుంది. అరగంటకి అలలు కూడా మిగలడం లేదు. మొన్న ఆదివారం తలస్నానం చేశాక కొంచెం తడి ఉండగానే మొదలుపెట్టాను. చుయ్‌మని శబ్దం, ఆవిరి, కాలిన వాసన. ఇప్పుడు చివర్లు ముట్టుకుంటే ఎండుగడ్డిలా ఉన్నాయి. అక్క ఒక్క మాట కూడా అనలేదు, నాకే ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. మా వదిన డాలస్ నుంచి వస్తూ 32 మి.మీ. టాంగ్ తెచ్చింది. అక్కడ రెండేళ్లుగా వాడుతోంది, చాలా బాగా పనిచేస్తుందట. దాని ప్లగ్గు మన సాకెట్‌లో పట్టదు కాబట్టి బజార్లో అడాప్టర్ కొని పెట్టి చూద్దామనుకుంటున్నాం. పెట్టొచ్చా? టాంగ్ మారిస్తే రింగు నిలుస్తుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వోల్టుమీటర్:

రెండో ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పగలను. అడాప్టర్ కొనకముందే ఆ టాంగ్ పిడి మీద గానీ ప్లగ్గు మీద గానీ చిన్న అక్షరాల్లో ఉన్న అంకెలు చదవండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన దగ్గర వాడుకోవచ్చు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే పెట్టకండి.

అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారాన్ని, కరెంటును కాదు. అమెరికాలో ఇళ్లకి వచ్చేది 120 వోల్టులు, మనకి 230. వేడి పుట్టించే తీగ అదే అయినప్పుడు వోల్టేజీ రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. మీ లెక్కలో అది 3.7 రెట్లు. క్షణాల్లో కాలిపోవచ్చు, చేతిలో ఉండగా పేలవచ్చు. మా బావగారి ఇంట్లో ఇలాగే తెచ్చిన హెయిర్ డ్రయ్యర్ మొదటిసారి స్విచ్ వేయగానే ముందుభాగం కరిగి కిందపడింది. పక్కన పిల్లలున్నారు.

వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వాడుకోవచ్చు, కానీ టాంగ్ వాట్స్ కంటే దాని సామర్థ్యం ఎక్కువ ఉండాలి. బరువుగా, ఖరీదుగా ఉంటుంది. ఒక్క సాయంత్రం కోసం అంత ఎందుకు? మీ దగ్గరున్న దానితోనే కానివ్వండి.

పూలజడ:

చెల్లీ, నేను గుంటూరులో పెళ్లికూతుళ్లకి జడలు వేస్తాను. పద్దెనిమిదేళ్లయింది. నీ టాంగ్‌లో తప్పేమీ లేదు, 25 చాలు. నడుము దాకా ఉన్న జుట్టు బరువుకి రింగు ఎలాగూ కాస్త తెరుచుకుంటుంది కాబట్టి 32తో వేస్తే ఇంకా తొందరగా జారుతుంది. తప్పెక్కడంటే, టాంగ్ తీయగానే నువ్వు రింగును వదిలేస్తున్నావు.

రింగు నిలిచేది వేడిలో కాదు, చల్లారేటప్పుడు. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీన్. దాని పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలని చిన్న చిన్న పట్లు కోకొల్లలుగా ఉంటాయి. వేడి తగిలినా, నీళ్లు తగిలినా అవి వదులవుతాయి. చల్లారేటప్పుడో ఆరేటప్పుడో జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. తడిజుట్టుకి జడ వేసుకుని పడుకుంటే పొద్దున్నకి అలలు వచ్చేదీ ఇందుకే. వేడివేడి రింగును నువ్వు వదిలేస్తే అది బరువుకి సాగి, సాగిన ఆకారంలోనే చల్లారుతోంది.

అందుకని టాంగ్ నుంచి జారగానే రింగును అరచేతిలోకి తీసుకో. అదే చుట్టగా తలకి ఆనించి క్లిప్పు పెట్టు. తర్వాతి పాయకి వెళ్లు. మీ అక్క ఒత్తుకి ముప్ఫై నలభై చుట్టలు వస్తాయి. క్లిప్పులు సరిపడా తెచ్చుకో, నాలుగు క్లిప్పులతో జరిగే పని కాదిది. అన్నీ అయ్యాక అలాగే ఉంచి మేకప్ వేయండి, చీర కట్టండి, నగలు పెట్టండి. క్లిప్పులు ఆఖర్న తీయాలి. తాకి చూస్తే చల్లగా ఉండాలి, గోరువెచ్చగా ఉన్నా తీయకు. తీశాక వెంటనే దువ్వెన పెట్టకుండా ఐదు నిమిషాలు వదిలేసి, వేళ్లతో విడదీసి, అప్పుడు స్ప్రే కొట్టు.

210 చాలా ఎక్కువ. రసాయనం తగలని ఒత్తు జుట్టుకి కూడా నేను 180 దాటను. సన్నజుట్టుకీ రంగు వేసిన జుట్టుకీ 150, 160 చాలు. పాయ వేలెడు వెడల్పే తీసుకో. లావు పాయ తీసుకుని వేడి పెంచితే టాంగ్‌కి ఆనిన వెంట్రుకలు మాడతాయి, పైపొరలో ఉన్నవాటికి వేడే అందదు. ఎనిమిది అంకెలు లెక్కపెట్టి తీసెయ్యి.

నాకు పని నేర్పిన మేడం ప్రతి టాంగ్‌నీ ముందు తెల్లకాగితం మీద నొక్కి చూపించేవారు. కాగితం గోధుమరంగుకి తిరిగితే జుట్టు దగ్గరికి రానిచ్చేవారు కాదు. అది ఆవిడ సొంత పద్ధతి అనుకునేదాన్ని. ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను, అది నూటయాభై ఏళ్ల నాటి అలవాటని. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన టాంగ్‌తో జుట్టుకి అలలు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. ఆ టాంగ్‌కి కరెంటూ లేదు, అంకెలూ లేవు. ఒక కాడ గుండ్రంగా, రెండోది దాని మీద సరిగ్గా కూర్చునేలా గాడితో ఉండేది. మంట మీద కాల్చి, కాగితంతో పరీక్షించి వాడేవారు. నీ చేతిలో ఉన్న దానిదీ ఆ ఆకారమే, పిడి తిప్పి చూడు. ఆ అలలని మార్సెల్ వేవ్ అనే ఇప్పటికీ అంటారు. అంకెల డిస్‌ప్లే ఉన్నా నేను ఇవాళ్టికీ టిష్యూ పేపర్ మీద నొక్కకుండా పెళ్లికూతురి తల మీద పెట్టను. అంకె తప్పు చూపించిన టాంగ్‌లు చూశాను.

తడిజుట్టు సంగతి. నువ్వు విన్న ఆ చుయ్ శబ్దం నీరు మరిగిన శబ్దం. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోయే దారి లేక లోపలే బుడగలు చేస్తుంది. చర్మవైద్యులు దాన్ని బబుల్ హెయిర్ అంటారు. అక్కడ వెంట్రుక పెళుసై విరుగుతుంది, ఏ నూనె రాసినా బాగవదు. మొదట్లో మా పిన్ని కూతురికి నేనూ ఇదే చేశాను, నీ బాధ నాకు తెలుసు. గడ్డిలా ఉన్న చివర్లు అంగుళమో అంగుళంన్నరో కత్తిరించేయండి.

పెళ్లికూతురిని చేసినప్పుడు తలకి నూనె పెడతారు కదా. రిసెప్షన్ రోజు పొద్దున షాంపూతో రెండుసార్లు తలంటు పోసి, కండిషనర్ చివర్లకి మాత్రమే రాసి, పూర్తిగా ఆరబెట్టాలి. జిడ్డు జుట్టు మీద రింగు పట్టదు, పొగ వస్తుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఒత్తు కోసం సవరం గానీ క్లిప్ ఎక్స్‌టెన్షన్లు గానీ పెడితే, అవి నిజం వెంట్రుకలో ప్లాస్టిక్ పోగులో ముందు తేల్చుకో. ఒక్క పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చు. నిజం వెంట్రుక ఈకలు కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. ప్లాస్టిక్‌ది కరిగి గట్టి పూసలా అవుతుంది. అలాంటిదాన్ని టాంగ్ దగ్గరికి తేవద్దు. అతుక్కుని, సొంత జుట్టుని కూడా లాగేస్తుంది.

ఇంతకీ అక్క జుట్టుకి ఇదివరకు ఏమైనా చేయించారా?

కాకినాడ_చిన్నది:

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. వోల్టుమీటర్ గారూ, ప్లగ్గు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. వదినకి చూపిస్తే వెంటనే సూట్‌కేసులో పెట్టేసింది. మీరు చెప్పకపోతే ఈ ఆదివారమే పెట్టేవాళ్లం.

అక్క నిరుడు ఆషాఢంలో స్మూతెనింగ్ (మందు పెట్టి జుట్టు సాఫీ చేయడం) చేయించుకుంది. అది చెప్పాలని నాకు తట్టలేదు. ఇంకొకటి, పక్కింటి ఆంటీ ఈ టాంగ్‌లు ఇవన్నీ ఎందుకు, పార్లర్‌లో పర్మింగ్ చేయిస్తే ఆరు నెలలు రింగులు అలాగే ఉంటాయి అంటున్నారు. అమ్మ కూడా అటే మొగ్గుతోంది. చేయించమంటారా?

పూలజడ:

వద్దు. అమ్మగారికి నా మాటగా చెప్పు, వద్దు.

టాంగ్ వదులు చేసేది హైడ్రోజన్ బంధాలని, అవి తలంటు పోస్తే మళ్లీ మామూలవుతాయి. పర్మింగ్ మందు తెంచేది వాటికన్నా ఎంతో గట్టివైన గంధకపు బంధాలని. వాటిని తెంచి, రాడ్లకి చుట్టి, రెండో మందుతో మళ్లీ అతికిస్తారు. జుట్టు సాఫీ చేయించినప్పుడు కూడా చాలా మందులు తెంచేది ఆ బంధాలనే. ఒకసారి తెంచి అతికించిన చోట రెండోసారి తెంచితే వెంట్రుక తట్టుకోలేక రాడ్ దగ్గరే తెగిపోతుంది. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. అంటే మీ అక్కకి కుదుళ్ల దగ్గర జానెడు కూడా కొత్త జుట్టు రాలేదు. రింగులు కావాల్సింది చెవుల కింద, అదంతా మందు తగిలిన జుట్టే.

ఇప్పుడు డిజిటల్ పర్మ్ అని వైర్లు తగిలించిన వేడి రాడ్లతో చేస్తున్నారు. చూడటానికి కొత్తగా ఉంటుంది, దాని మూలం వందేళ్ల కిందటిది. కార్ల్ నెస్లర్ అనే జర్మన్ 1905–06 ప్రాంతంలో లండన్‌లో మొదటి పర్మింగ్ యంత్రం చూపించాడు. పైన దీపాల గుత్తిలాంటి చట్రం, దాని నుంచి వేలాడే తూకాలు, ఒక్కొక్కటి కిలోకి కాస్త తక్కువ బరువుండే ఇత్తడి రోలర్లు డజను దాకా. రోలర్లు నెత్తికి తగలకుండా ఆ తూకాలు పట్టి ఉంచేవి. నూరు డిగ్రీల వేడి, ఘాటైన క్షారం, ఆరుగంటలు కూర్చోవడం. అంతకుముందు ఆయన ప్రయోగాలు చేసింది తన భార్య కత్తరీనా తల మీద. మొదటి రెండుసార్లు ఆవిడ జుట్టంతా కాలిపోయింది, నెత్తి బొబ్బలెక్కింది. ఎక్కడ చదివినా యంత్రం ఆయన పేరు మీదే ఉంటుంది. నాకు మాత్రం ఆవిడే గుర్తొస్తుంది.

స్మూతెనింగ్ అయిన జుట్టు కాబట్టి టాంగ్ 160 దాటించకు. పట్టు తక్కువగా ఉంటుంది, అందుకని ముందు మూస్ (జుట్టుకి పట్టునిచ్చే నురగ) రాసి, డ్రయ్యర్‌తో పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు చుట్టు. చల్లార్చే సమయం ఇంకో పది నిమిషాలు పెంచు. శ్రావణంలో మీ ఊరి గాలి తేమగా ఉంటుంది, తేమ కూడా నీళ్లే కదా, పట్లు వదులవుతాయి. ఏసీ గదిలోనే చుట్టి, స్టేజీ ఎక్కేముందు క్లిప్పులు తీయి.

మిచిగన్_సరస్సు:

షికాగోలో ఉంటాను, డ్యాన్స్ స్కూల్ పిల్లలకి ప్రోగ్రామ్‌ల రోజు జుట్టు నేనే సర్దుతాను. పూలజడ గారు చెప్పిన యంత్రం కథలో ఇంకో ఆవిడ ఉంది, మా ఊరి ఆవిడ కాబట్టి రాస్తున్నాను. మార్జొరీ జాయ్‌నర్. నల్లజాతి మహిళ, ఇక్కడే జుట్టుపని నేర్చుకుని పార్లర్ పెట్టుకుంది. మాంసపు ముద్ద లోపలిదాకా ఉడకడానికి గుచ్చే సన్నటి ఇనప చువ్వలు చూసి, జుట్టుని కూడా ఇలాగే ఒకేసారి చుట్టి వేడి చేయొచ్చు కదా అనుకుందట. పదహారు చువ్వలు ఒకే కరెంటు తీగకి కలిపి, పైన హుడ్ పెట్టి యంత్రం చేసింది. 1928 నవంబరులో పేటెంట్ వచ్చింది. హక్కులు మాత్రం ఆవిడ పనిచేసిన కంపెనీకి వెళ్లిపోయాయి, చేతికి దాదాపు ఏమీ రాలేదు. 98 ఏళ్లు బతికింది. ఆవిడకి రావాల్సింది రాలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ అక్క విషయానికొస్తే, ప్రాక్టీస్ కోసం ప్రతి ఆదివారం వేడి తగిలించకండి. ఆమె జుట్టు రిసెప్షన్‌దాకా మిగలాలి. చుట్టడం, క్లిప్పు పెట్టడం మీ జుట్టు మీద నేర్చుకోండి. ఆమెకి ఒక్క రిహార్సల్ చాలు.

కాకినాడ_చిన్నది:

అందరికీ చెబుదామని వచ్చాను. పర్మింగ్ మానేశాం, పూలజడ అక్క రాసింది అమ్మకి చదివి వినిపించాను. నా జుట్టు మీద రెండుసార్లు చేసి, నిన్న అక్కకి ఒక్కసారి చేశాను. 160, ఎనిమిది అంకెలు, ముప్ఫై నాలుగు చుట్టలు. చివర్లు ముందే అంగుళంన్నర తీయించాం. నాలుగింటికి క్లిప్పులు పెట్టి ఐదింటికి తీశాను. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనాలప్పుడు కూడా చెవుల కింద రింగులు ఉన్నాయి. మెడ దగ్గర రెండు మూడు మాత్రం జారాయి, అక్కడ చెమట పడుతోంది.

పూలజడ:

చెమట పట్టేచోట జుట్టుని లోపలివైపు కొంచెం ఎత్తి, కనపడకుండా రెండు పిన్నులు గుచ్చు. మెడకి ఆనకుండా ఉంటే జారవు. ఆ రోజు మీ ఫంక్షన్ హాల్‌లో గదికి ప్లగ్ పాయింట్ అద్దం దగ్గరుందో లేదో ముందే వెళ్లి చూసిరా. లేకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంటి నుంచే తీసుకెళ్లు.