యార్క్‌లో నది ఒడ్డున గైడుతో నడక: మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెళ్లొచ్చా?

వశిష్ఠఒడ్డు:

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర లంక గ్రామం. కొబ్బరి, కొద్దిగా వరి. మా అమ్మాయి ఇంగ్లండులో లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేసింది, జూలైలో కాన్వొకేషన్, మీరిద్దరూ రావాల్సిందే అని టిక్కెట్లు కూడా తీసేసింది. మూడు వారాలుంటాం. అందులో ఒకరోజు దగ్గర్లోనే ఉన్న యార్క్ అనే పాత ఊరు చూపిస్తానని, అక్కడ నది ఒడ్డునే నడుచుకుంటూ గైడు చరిత్రంతా చెప్పే టూర్ ఉందని, బుక్ చేసేయనా అని రోజూ ఫోన్లో అడుగుతోంది.

మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. సమతలం మీద నెమ్మదిగా ఎంత దూరమైనా నడుస్తుంది కానీ మెట్లు దిగాలంటే కష్టం. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వాళ్లు గబగబా మాట్లాడితే అందుకోలేను. ఇంకో సంగతి, మీరు వేరేగా అనుకోకండి, నేను పుట్టిన దగ్గర్నుంచీ గోదారి గట్టు మీద ఉన్నవాణ్ణి, నర్సాపురం వెళ్లాలంటే పంటు ఎక్కి వశిష్ఠ దాటాల్సిందే, అలాంటివాణ్ణి అంత దూరం వెళ్లి ఇంకో నది చూడ్డానికి మనిషికింతని డబ్బు కట్టాలా అని మనసు పీకుతోంది. కానీ పిల్ల ఇష్టపడి అడుగుతోంది, కాదనలేకపోతున్నా. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

రాజమండ్రిటీచర్:

అన్నయ్యగారూ, తప్పకుండా వెళ్లండి. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ మావారూ ఆ నడకకి వెళ్లాం. ఆ నది పేరు ఊజ్. మన గోదారితో పోల్చుకుంటే చిన్నదే, అవతలి ఒడ్డున నిలబడ్డ మనిషి మొహం గుర్తుపట్టేయొచ్చు. కానీ ఊరు పుట్టిందే ఆ నది వల్ల. ఊజ్, ఫాస్ అని రెండు నదులు కలిసే చోటు చూసుకుని క్రీ.శ. 71లో రోమన్లు కోట కట్టారు. తరవాత 866లో వైకింగులు, అంటే డెన్మార్క్ వైపు నుంచి పడవల మీద దండెత్తి వచ్చేవాళ్లు, వచ్చి పట్టుకున్నారు. సముద్రం నుంచి హంబర్ ముఖద్వారంలోకి, అక్కణ్ణించి ఊజ్‌లోకి పడవలు నేరుగా వచ్చేసేవి కాబట్టి వాళ్లకి అది అంత అనువైంది.

నాకు బాగా గుర్తుండిపోయింది లెండల్ వంతెన దగ్గర విన్న సంగతి. ఆ వంతెన రాకముందు అక్కడ రేవు ఉండేదండి, మన రేవులాగే, జాన్ లీమన్ అనే ఆయన పడవ నడిపేవాడు. మొదట కట్టిన వంతెన 1861లో కడుతుండగానే కూలి అయిదుగురు పనివాళ్లు చనిపోయారు. మళ్లీ కట్టి 1863లో తెరిచారు. ఇక రేవు అక్కర్లేదు కదా, పడవ ఆయనకి పరిహారంగా పదిహేను పౌన్లు, ఒక గుర్రం, ఒక బండి ఇచ్చారట. గైడు అది చెప్పి తరవాతి చోటికి నడిచేశాడు. నేను మాత్రం కదల్లేకపోయాను. మా తాతగారు కొవ్వూరు రేవులో నావ నడిపేవారు. నది మీద బతికిన మనిషికి బండీ గుర్రం ఇస్తే ఆయనేం చేసుంటాడా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

మెట్ల సంగతి: మ్యూజియం గార్డెన్స్ దగ్గర మొదలుపెట్టే టూర్ అయితే మా వదినగారికి చాలావరకు ఇబ్బంది ఉండదు, ఒకటి రెండు చోట్ల వంతెన మీంచి ఒడ్డుకి దిగే మెట్లున్నాయి. మెట్లు లేకుండా చుట్టూ తిరిగొచ్చే దారి ఉందా అని బుక్ చేసేముందే మెయిల్‌లో అడగమనండి. అక్కడ అలా అడగడం మామూలే, ఎవరూ విసుక్కోరు.

సొంతకాళ్లు:

గైడెందుకండీ. ఫోన్లో మ్యాపు పెట్టుకుని నడిచేయొచ్చు, బోర్డులు ఎక్కడికక్కడ ఉంటాయి. ఆ డబ్బుతో ఇంకో ఊరు చూసొస్తారు.

ముమ్మిడివరం2012:

బాబాయిగారూ, నేను నాలుగేళ్లుగా యార్క్‌లోనే ఉంటున్నాను. పైన అన్నగారు చెప్పినట్టు సొంతంగా నడవొచ్చు, కాదనను. అసలు డబ్బే అడ్డమైతే అక్కడ వలంటీర్ గైడ్ల సంఘం ఒకటుంది, 1951 నుంచీ ఊరంతా ఉచితంగా నడిపించి చూపిస్తున్నారు, ఎగ్జిబిషన్ స్క్వేర్ దగ్గర మొదలవుతుంది. అయితే అందులో కోటగోడ, మఠం శిథిలాల్లాంటివి ఎక్కువ. మీకు నదే కావాలి అనిపిస్తోంది, అందుకని నది టూరే తీసుకోమంటాను. ఎందుకో చెప్తాను.

వరద గురించి అడగండి. మిగతా జనం రాజుల గురించి, 1739లో ఉరితీసిన గజదొంగ డిక్ టర్పిన్ గురించి అడుగుతారు. మీరు వరద గురించి అడిగితే గైడు మొహమే మారిపోతుంది, ఎందుకంటే అది వాళ్ల ఇళ్లలోకి వచ్చే విషయం. కింగ్స్ స్టెయిత్ అని పాత రేవు ఉంది, రాతి పలకలు పరిచి ఉంటుంది, ఏటా చలికాలంలో ఒకసారైనా మునుగుతుంది. అక్కడ కింగ్స్ ఆర్మ్స్ అనే పబ్బు ఉంది, లోపలికి వెళ్లి తాగక్కర్లేదు, ఏ సంవత్సరం వరద ఎంత ఎత్తు వచ్చిందో అక్కడ గుర్తులు పెట్టారు. 2000 నవంబరులో మామూలు మట్టానికి 5.4 మీటర్లు పైకొచ్చింది. ఊర్లో వాన పడక్కర్లేదు, పైన యార్క్‌షైర్ డేల్స్ కొండల్లో పడితే స్వేల్, యూర్, నిడ్ అనే నదులు ఆ నీళ్లన్నీ తెచ్చి ఊజ్‌లో పోస్తాయి. ప్రాణహిత, ఇంద్రావతి పొంగితే మనం ఇక్కడ ఎండలో నిలబడి భద్రాచలం మట్టం కోసం టీవీ చూస్తామే, అచ్చం అదే.

ఇంకొకటి, మీరు రైతులు కాబట్టి ఇది మీకు చప్పున అర్థమవుతుంది. ఫాస్ నది ఊజ్‌లో కలిసే చోట ఫాస్ బ్యారియర్ అని పెద్ద గేటు ఉంది, 1987లో కట్టారు. ఊజ్ పొంగినప్పుడు ఆ నీళ్లు ఫాస్‌లోకి ఎదురెక్కకుండా గేటు దించేస్తారు. మన మురుగు కాలువల చివర అవుట్‌ఫాల్ స్లూయిజ్ తలుపులు ఎందుకు వేస్తారో అందుకే. తేడా ఏంటంటే, గేటు దించాక ఫాస్ నీళ్లు వెనక నిలిచిపోకుండా మోటార్లతో తోడి గేటు దాటించి ఊజ్‌లో పోస్తారు. మా ఊర్లో తలుపు దించితే చేలో నీళ్లు చేలోనే, నారు కుళ్లేదాకా చూస్తూ కూర్చోవడమే. అలాగని అక్కడా అన్నిసార్లూ నిలబడలేదు. 2015 డిసెంబరులో ఆ పంపుల కరెంటు గదికే నీళ్లు చేరేలా ఉంటే గేటు ఎత్తేయాల్సి వచ్చింది, ఫాస్ పక్కన ఇళ్లు వందల్లో మునిగాయి. గేటు నడక దారి నుంచే కనిపిస్తుంది, బ్లూ బ్రిడ్జి అని చిన్న నీలం వంతెన దగ్గర ఆగి చూడండి. చాలామంది అది చూడకుండానే దాటిపోతారు.

కొబ్బరితోట:

మీ తోటలో కోకో ఉందా అండి? మాకు ముప్పై సెంట్లలో అంతరపంటగా ఉంది. మా కోడలు చెప్తే తెలిసింది, యార్క్ అంటే ఒకప్పుడు చాక్లెట్ల ఊరంట. రౌన్‌ట్రీ, టెర్రీ అని రెండు కంపెనీలు అక్కడే పుట్టాయి. టెర్రీ వాళ్ల పాత ఫ్యాక్టరీ నది ఒడ్డునే ఉండేది, కోకో, పంచదార, బొగ్గు పడవల మీద వచ్చేవి. మన పిల్లలు తినే కిట్‌క్యాట్ 1935లో రౌన్‌ట్రీ వాళ్లు తెచ్చిందే, అప్పుడు పేరు వేరు. మన గింజలు ఆరబెట్టి సంచికెత్తి పంపించేశాక అవి ఏమవుతాయో మనం చూసిందెప్పుడు. వీలైతే అదీ అడిగి రండి.

వశిష్ఠఒడ్డు:

అందరికీ ధన్యవాదాలు. టీచరమ్మగారూ, మీ తాతగారి సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను. బాబూ ముమ్మిడివరం, మోటార్లతో తోడతారన్నావు చూడు, అది చూడాలి నేను. అమ్మాయికి బుక్ చేసేయమని చెప్పాను. ఆ నదికి పోటూ పాటూ ఉంటాయా? మా దగ్గర అంతర్వేది పోటు తెలుస్తూనే ఉంటుంది.

ముమ్మిడివరం2012:

ఇప్పుడు ఊర్లోకి రాదు బాబాయిగారూ. పూర్వం పోటు యార్క్ దాకా వచ్చేది. కింద నేబర్న్ దగ్గర 1757లో లాకు కట్టాక అక్కడితో ఆగిపోయింది. లాకు అంటే మన ధవళేశ్వరం లాకుల్లాంటిదే, పడవని లోపలికి తీసుకుని తలుపులు మూసి నీటిమట్టం మార్చి పంపేది.

రాజమండ్రిటీచర్:

చూశారా, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాడు, దానికి దాదాపు వందేళ్ల ముందు లాకు అది. అసలు నాకున్న బాధ ఇదేనండి. మనకి రాజమండ్రిలో కోటిలింగాల రేవు నుంచి ధవళేశ్వరం దాకా గట్టు వెంట ఎన్ని లేవు? 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన 56 స్పాన్లతో అలాగే నిలబడి ఉంది, 1997 నుంచి దాని మీద రైలు లేదు. 1881 డిసెంబరులో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊర్లోనే. 2027లో పుష్కరాలకి లక్షల్లో జనం వస్తారు, మునిగి వెళ్లిపోతారు, పక్కన నిలబడి ఈ కథలు చెప్పే మనిషి ఒక్కరుంటే ఎంత బాగుంటుందో. నేను మా స్ట్రీట్ పిల్లలు ఎనిమిది మందిని ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు వారాలైంది.

వశిష్ఠఒడ్డు:

వెళ్లొచ్చామండి. నిన్ననే ఊరు చేరాం. మీరందరూ ఓపిగ్గా చెప్పారు కాబట్టి జరిగింది రాయడం నా బాధ్యత.

లీడ్స్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టలేదు. పదకొండు మందిమి ఉన్నాం. గైడు అరవై దాటిన ఆవిడ, చేతిలో మడత గొడుగు, దాంతోనే అన్నీ చూపించేది. అమ్మాయి ముందే మెయిల్ పెట్టింది కాబట్టి మెట్లున్న చోట మా ఆవిడని వేరే దారిలో తీసుకొచ్చి మేం వచ్చేదాకా ఆగింది. నది ఒడ్డున చెట్ల కింద న్యూ వాక్ అని తిన్నటి బాట, 1730ల్లో షికారు కోసమే వేశారట, అక్కడైతే మా ఆవిడ మాకంటే ముందే నడిచింది. బెంచీలు ఎక్కడికక్కడ ఉన్నాయి. మోకాళ్ల గురించి అడిగేవాళ్లకి నా జవాబు: నిక్షేపంగా వెళ్లండి, మెత్తటి బూట్లు వేసుకోండి, గొడుగు పట్టుకెళ్లండి, మధ్యలో రెండుసార్లు చినుకులు పడ్డాయి.

నదికి అటొకటి ఇటొకటి బురుజులుంటాయి, వాటి మధ్య రాత్రిళ్లు ఇనప గొలుసు అడ్డం కట్టి పడవల దగ్గర సుంకం వసూలు చేసేవారట. క్లిఫర్డ్స్ టవర్ దగ్గర ఆవిడ గొంతు తగ్గించింది. 1190లో ఊరి జనమే మీదపడితే యూదులు ఆ కోటలో తలదాచుకుని నూట యాభై మంది దాకా అక్కడే చనిపోయారట. అక్కడ మేమెవరం మాట్లాడలేదు.

పబ్బు దగ్గరికొచ్చాం. వరద గుర్తుల ముందు ఆవిడ గొడుగు కొనతో 2000 దగ్గర ఆపి, ఇంత వచ్చింది అంది. నేను అమ్మాయిని అడిగి చెప్పించాను, మా పాత మండువా ఇంట్లో స్తంభానికి మా నాన్న 86 ఆగస్టు వరదలో మేకుతో గీసిన గీత నా రొమ్ము దాకా ఉంటుందని. ఆవిడ గొడుగు దించేసి నా వంక తిరిగి, ఇంట్లో నీళ్లు ఎన్నాళ్లున్నాయి అనడిగింది. అయిదు రోజులు అన్నాను. పశువులేమయ్యాయి అంది. గట్టు మీదకి తోలాం, రెండు గేదెలు పోయాయి అన్నాను. ముప్పై ఏళ్లు దాటాక ఆ గేదెల గురించి నన్ను అడిగింది ఆవిడే. తరవాత ఫాస్ గేటు దగ్గర ఆవిడ మిగతావాళ్లకి చెప్తూ మధ్యలో నన్ను పిలిచి, మీ దగ్గర ఇది ఎలా అని అడిగింది, మా స్లూయిజ్ సంగతి అమ్మాయి చెప్తుంటే పదకొండు మందీ విన్నారు. బాబూ ముమ్మిడివరం, గేటు చూశాను, పంపులు లోపలుంటాయట, చూడనివ్వలేదు. మన డ్రెయిన్ల మీద కూడా పెద్ద మోటార్లు పెట్టాలని ఈసారి నీటి సంఘం మీటింగులో గట్టిగా అడుగుతాను.

కొబ్బరితోట గారూ, చాక్లెట్ కోసం కోకో ఎక్కణ్ణించి తెచ్చేవారని అడిగాను, అప్పట్లో వేరే దేశాల నుంచి అని చెప్పింది. మా తోటలోనూ కోకో ఉందని అంటే కాయ రంగేమిటి అనడిగింది. ఫోన్లో ఫొటో చూపించాను.

ఇంటికి రాగానే చేసిన పని ఒకటుంది. నాన్న గీత దాదాపు చెరిగిపోయింది, సున్నం మీద సున్నం పడి. గోకి, దాని పక్కన 1986 ఆగస్టు అని ఎర్ర పెయింటుతో రాశాను. 2022 జూలైది మేం గీయనేలేదు, మా తమ్ముడూ నేనూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు చేసుకుని, గోడ మీద మిగిలిన బురద చారతో సరిచూసి, దానికి మూరెడు కింద ఇంకో గీత గీశాం. పెయింటు ఆరాక ఫొటో పెడతాను.