నాయన కాలి పుండుకు వ్యాక్ మెషిన్ (పుండు మీద కట్టు కట్టి లోపలి గాలిని, రసిని లాగేది) పెడతామంటున్నారు. ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మాది ఆదోని పక్కన పల్లె. నాయనకు షుగర్. చేలో ముల్లు గుచ్చుకుని మడమ పక్కన పడిన పుండు ఐదు నెలలైనా మానలేదు. కర్నూలులో సర్జన్ కుళ్లిన మాంసం తీసేశారు. ఇక వ్యాక్ పెట్టి, కొన్నాళ్లకు మెషిన్‌తోనే ఇంటికి పంపుతారట. గాలి లాగితే పుండు ఎట్ల మానుతుంది? మా ఊళ్లో కరెంటు పోతే ఏం చేయాలి?

అనంతపురం నుంచి

అన్నా, మా అమ్మకు పోయినేడాది ఆరు వారాలు పెట్టించాం. నల్ల స్పాంజిని పుండు సైజుకే కత్తిరించి లోపల పెడతారు. పైన ప్లాస్టిక్ పొర అంటించి, దానికి చిల్లు చేసి పైపు తగిలిస్తారు. మెషిన్ ఆన్ చేయగానే స్పాంజి ఎండు ఉసిరికాయలా ముడుచుకుపోతుంది. గాలి లాగే ఒత్తిడిని ఎక్కువగా 125 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కన) మీద పెడతారు. రసి డబ్బాలోకి పోతుంది, వాపు తగ్గుతుంది, అడుగు నుంచి ఎర్ర మాంసం పడుతుంది.

కరెంటు పోతే బ్యాటరీ ఉంటుంది. కానీ రోజు మొత్తంలో 2 గంటలకు మించి ఆగితే స్పాంజి తీసేసి మామూలు కట్టు కట్టాల్సిందే. మమ్మల్ని ఏడిపించింది మాత్రం కరెంటు కాదు, చెమట. మే నెల! పొర అంచు లేచి గాలి దూరితే అర్ధరాత్రి మెషిన్ కీచుమని అరిచేది.

ఇంకోటి. ఒకసారి స్పాంజి ముక్క లోపలే వదిలేశారు, వాసన వచ్చాక గానీ బయటపడలేదు. అప్పటినుంచి ఎన్ని ముక్కలు పెట్టారో పొర మీదే పెన్నుతో రాయించేదాన్ని.

కడప, నర్సు

కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, డాప్లర్ (రక్తం పారేది చూసే స్కాన్) తీశారా? ఎముకకు ఇన్ఫెక్షన్ ఉండి మందు మొదలుపెట్టకపోతే వ్యాక్ పెట్టకూడదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా? డబ్బాలోకి ఎర్రటి రక్తం వస్తుంటే మెషిన్ ఆపి, పుండు మీద ఒత్తిపట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మెషిన్ ఉంది కదా అని మడమ మీద బరువు మోపి నడవనీయొద్దు.

ఆదోని

గుండెకని మాత్ర ఏదో వేసుకుంటాడు మేడం, ఆ సంగతి సర్జన్‌కు చెప్పనేలేదు. రేపు పొద్దున బస్సుకు పాత చీటీలన్నీ పట్టుకుపోతా. అక్కా, కట్టు మార్చేటప్పుడు నొప్పి ఉంటుందా?

అనంతపురం నుంచి

ఉంటుంది, దాచడమెందుకు. రెండు మూడు రోజులకోసారి మారుస్తారు, స్పాంజి మాంసానికి అతుక్కుని ఉంటుంది. ముందే నొప్పి మాత్ర ఇమ్మని, సెలైన్ పోసి బాగా నానినాక తీయమని అడుగు. తొందర పడే నర్సు దొరికితే నువ్వే పక్కన నిలబడు.