వీ-క్రాస్ ముక్కు కిందికి, వెనక ఎత్తుకు: స్పేసర్ వేయించాలా?

ఎర్రమట్టి_దారి:
అందరికీ నమస్కారం. బండి ఇసుజు డి-మ్యాక్స్ వీ-క్రాస్, ఫోర్ బై ఫోర్. సస్పెన్షన్ కంపెనీదే, టైర్లు 255/60 ఆర్18. ఖాళీగా ఉన్నప్పుడు పక్క నుంచి చూస్తే ముక్కు వాలి, వెనక లేచినట్టుంది. హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి చక్రం పైనున్న ఫెండర్ అంచుకు ముందు 475 మి.మీ., వెనక 530. ముందు సుమారు 40 కిలోల ఇనుప గార్డు ఉంది. వారంలో రెండు రోజులు వెనక 400 కిలోల ఎరువుల బస్తాలు, మిగతా రోజులు ఖాళీ. షాపులో ముందు 50 మి.మీ. స్పేసర్ (ఎత్తు పెంచడానికి స్ప్రింగ్ దగ్గర వేసే దిమ్మ) వేసి, వెనక కమాన్ కట్టలో (పట్టీలు పేర్చిన స్ప్రింగ్‌లో) ఒక పట్టీ కలపమంటున్నారు. దీనివల్ల ఏమేం దెబ్బతింటాయి?

టార్క్‌రెంచ్:
అన్నా, 530లోంచి 475 తీసేసి బండి 55 మి.మీ. వాలిందనుకోవద్దు. ముందు ఫెండర్ కోత, వెనక ఫెండర్ కోత ఒకే ఎత్తులో ఉండవు. ఆ కొలత పని చేయించే ముందు, చేయించాక పోల్చుకోవడానికి, ఎడమ కుడి తేడా పట్టుకోవడానికి మాత్రమే. అసలు వాలు తెలియాలంటే క్యాబిన్ కింద ఛాసిస్ తిన్నగా ఉన్న చోట రెండు చివర్లా నేల నుంచి కొలవండి. మీటరుకు 17.5 మి.మీ. తేడా వస్తే 1 డిగ్రీ. మీ బండి వీల్‌బేస్ 3095 మి.మీ. కాబట్టి 1 డిగ్రీ అంటే ఇరుసుల మధ్య 54 మి.మీ.

కొలిచేటప్పుడు నేల సమంగా ఉండాలి, నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. జాకీ దించిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. చక్రాలు లోపలికి లాక్కుని బండి ఎత్తుగా నిలబడిపోతుంది. నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ నడిపి, బంపర్‌ని నాలుగుసార్లు నొక్కి వదిలాక కొలవండి.

ఇక గార్డు. ఇరుసుకు 80 సెం.మీ. ముందు వేలాడే 40 కిలోలు ముందు ఇరుసు మీద 50 కిలోలై కూర్చుంటాయి, వెనక ఇరుసు మీద 10 కిలోలు తగ్గుతాయి. అంటే ముక్కు దిగుతుంది, తోక లేస్తుంది. పైగా ఇలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. ముందు అది తీసి, అప్పుడు కొలవండి.

స్పేసర్ విషయానికొస్తే, "50" అంటే స్పేసర్ మందమా, చక్రం దగ్గర వచ్చే ఎత్తా అని షాపువాళ్లను అడగండి. మీ బండికి ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి పట్టుకునే ఆర్మ్‌లు), స్ట్రట్ (స్ప్రింగ్, షాకబ్జార్ కలిసిన భాగం) కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. అందుకే అక్కడ 10 మి.మీ. కలిపితే చక్రం దగ్గర దాదాపు 20 లేస్తుంది. 50 మందమే వేస్తే దగ్గర దగ్గర 100! అంత ఎత్తులో పై బాల్ జాయింట్, యాక్సిల్ జాయింట్ రెండూ హద్దు దాటిన కోణంలో పనిచేస్తాయి. జాయింట్ మీది రబ్బరు తొడుగు (బూట్) చిరిగి గ్రీజు కారుతుంది, మలుపులో టకటక మొదలవుతుంది.

స్పేసర్ వేసే చోటు కూడా చూసుకోవాలి. స్ట్రట్ మౌంట్ పైన వేస్తే స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది. గుంటలో పడ్డప్పుడు బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు) ఆపేలోపే షాకబ్జార్ లోపల అడుగంటి పాడవుతుంది. స్ప్రింగ్‌కూ మౌంట్‌కూ మధ్య వేస్తే ఆ ప్రమాదం లేదు కానీ చక్రం కిందికి వేలాడే దూరం తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే టక్ మని కొడితే కారణం అదే.

కమాన్_కట్ట:
వెనక పట్టీ కలపడం ఇప్పుడు తప్పు పని. ఖాళీగా ఉన్నప్పుడే వెనక ఎత్తుగా ఉందంటే ఇంకో పట్టీతో ఆ ఎత్తు పెరుగుతుంది, ఖాళీ బండి వెనక ఎగిరెగిరి పడుతుంది. పికప్‌లో వెనక ఎత్తు లోపం కాదు, బరువు కోసం వదిలిన జాగా. 400 కిలోలు వేసి కొలవండి. ఛాసిస్ సమంగా వచ్చినా, వెనక కాస్త ఎత్తుగా ఉన్నా కట్టలు బాగున్నట్టే. వెనక ముందుకంటే దిగిపోతేనే పట్టీ గురించి ఆలోచించాలి. అప్పుడూ రెండు వైపులా మార్చాలి.

ఎప్పుడైనా కట్ట విప్పితే దాన్ని ఇరుసుకు బిగించే పాత యూ బోల్ట్‌లు మళ్లీ వాడనివ్వకండి. ఒకసారి బిగించాక అవి సాగుతాయి, రెండోసారి పట్టు నిలవదు. కొత్తవి మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించి 500 కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి. షాకిల్ (కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే లింకు), కమాన్ బుష్ (రబ్బరు గొట్టం) బోల్ట్‌లు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే ఆఖరుగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి, ఎత్తు తప్పుగా నిలుస్తుంది, కొన్నాళ్లకు బుష్ చిరుగుతుంది. ముందు ఆర్మ్ బోల్ట్‌లకూ ఇదే పద్ధతి. వెనక ఎత్తు పెంచితే ఇంకో చిక్కు: కొన్ని పికప్‌లకు ఇరుసు నుంచి బ్రేక్ వాల్వ్‌కు లింకు ఉంటుంది. ఛాసిస్ లేస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ ఒత్తిడి తగ్గిస్తుంది. బరువుతో ఉన్న బండికి అది ప్రమాదం.

ఎర్రమట్టి_దారి:
గార్డు తీసి కొలిచాను. ఇరుసుల మధ్య లెక్కేస్తే ఖాళీగా వెనక 45 మి.మీ. ఎత్తు, 400 కిలోలతో 5 మి.మీ. ఎత్తు. డ్రైవర్ వైపు 8 మి.మీ. తక్కువ.

టార్క్‌రెంచ్:
కట్టలు చక్కగా ఉన్నాయి, వెనక ముట్టుకోవద్దు. 8 మి.మీ. పక్క తేడా మామూలే. ముందు మీరు 45 లేపితే ఖాళీగా అందంగా కనిపిస్తుంది, బస్తాలు వేసిన రోజు ముక్కు 40 మి.మీ. ఆకాశం చూస్తుంది. చక్రం దగ్గర 20కి మించొద్దు. దానికి స్ప్రింగ్ సీటు మీద 10 మి.మీ. ప్యాకర్ (పలుచని స్పేసర్) చాలు. ఖాళీగా వెనక 25 ఎత్తు, బరువుతో ముందు 15 ఎత్తు. రెంటికీ మధ్యస్థం. స్ప్రింగ్ నొక్కే కంప్రెసర్ లేకుండా స్ట్రట్ పై నట్ విప్పే మెకానిక్ దగ్గర చేయించకండి, ఆ స్ప్రింగ్ ఎగిరితే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే చూసి పంపేస్తారు, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) అంకెలు ప్రింట్ తీసుకోండి. క్యాస్టర్ తగ్గితే మలుపు తర్వాత స్టీరింగ్ దానంతట అది తిరిగి రాదు, హైవే మీద బండి తేలిపోతుంది.

అదే రోజు హెడ్‌లైట్లు కూడా దించండి. 20 మి.మీ. ముక్కు లేస్తే 10 మీటర్ల దూరంలో గోడ మీద వెలుగు గీత 6.5 సెం.మీ. పైకి పోతుంది. బస్తాలు వేస్తే వెనక దిగి ఇంకో 13 సెం.మీ. డిప్‌లో ఉన్నా ఎదురొచ్చే బైకువాడి కళ్లలో పడుతుంది. ఖాళీ బండికి లైటు వెనక స్క్రూతో సరిచేయించండి, క్యాబిన్‌లో లైటు ఎత్తు మార్చే డయల్ ఉంటే బరువున్న రోజు అది తిప్పండి.