సీజీఎల్‌కి సరే, మాట్లాడటానికి ఈ ఇన్వర్షన్ (కర్త కంటే క్రియ ముందుకు రావడం) రూల్స్ ఎందుకు?

కోదాడ_కుర్రాడు:
డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష సీజీఎల్‌కి ప్రిపరేషన్. 'నో సూనర్' వస్తే 'దాన్', 'హార్డ్లీ' వస్తే 'వెన్', 'లెస్ట్' (ఎక్కడ అలా జరుగుతుందోనని) తర్వాత 'షుడ్'... ఇవన్నీ నోటికొచ్చాయి. ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే మాత్రం నోరు పెగలదు. గ్రామర్ పుస్తకం అటకెక్కించి పేపర్ చదువుకోమంటాడు రూమ్మేట్. మీరేమంటారు?

రైలుబండి:
ముందు పరీక్ష సంగతి చూడు తమ్ముడూ. రెండో దశ, టైర్-2లో ఇంగ్లిష్‌కి 45 ప్రశ్నలు, 135 మార్కులు. తప్పు పెడితే మార్కు కోత. 'హార్డ్లీ హాడ్ ఐ రీచ్డ్ ద స్టేషన్ దాన్ ద ట్రెయిన్ లెఫ్ట్' చెవికి బాగానే ఉంటుంది. ఎర్రర్ స్పాటింగ్‌లో దాన్ని నమ్మి 'నో ఎర్రర్' పెట్టావో, మునిగావే.

ఫ్రిస్కో_బావ:
ఇక్కడ ఆఫీసులో 'లెస్ట్' అన్నవాణ్ణి నేను చూడలేదు. 'ఇఫ్ ఐ వర్' అనాల్సిన చోట 'ఇఫ్ ఐ వజ్' అనే అమెరికన్లు బోలెడుమంది. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో కూడా గ్రామర్‌ది పావు వంతే. రూల్ గుర్తు చేసుకుంటూ మధ్యలో ఆగితే ధారాళతకిచ్చే పావు కూడా పోతుంది. రూమ్మేట్ మాట విను.

హైస్కూల్_టీచరమ్మ:
ఫ్రిస్కో గారూ, ఆ గ్రామర్ పావులో తప్పులతో పాటు వాక్యాల్లో వైవిధ్యం కూడా చూస్తారు. అన్నీ పొట్టి వాక్యాలే పేరిస్తే అదీ రాదు.

'లెస్ట్' మీద గంటలు ధారపోయడం నాకూ నచ్చదు. ఇన్వర్షన్‌ని మాత్రం వదలొద్దు. మన పిల్లలు రోజూ అనే మాట చూడండి: 'కెన్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద బస్ స్టాండ్?' ప్రశ్నలో క్రియ ముందుకు రావాలని చిన్న క్లాసుల్లో మేమే బట్టీ పట్టిస్తాం. అదే ప్రశ్న ఇంకో వాక్యంలో ఇమిడితే క్రియ మళ్లీ వెనక్కి వెళ్లి 'వేర్ ద బస్ స్టాండ్ ఈజ్' కావాలని గట్టిగా చెప్పం. తెలుగులో ఇలా ముందుకీ వెనక్కీ జరిపే పని లేదు కాబట్టి మన చెవికి ఆ తేడా తట్టదు. పేపర్ ఎంత చదివినా చాలామందికి ఎవరో ఒకరు చూపిస్తేనే తెలుస్తుంది.

'హార్డ్లీ హాడ్ ఐ' కూడా అంతే బాబూ. 'హాడ్ ఐ' అన్న వరస ప్రశ్నలో వచ్చేదే. 'నెవర్', 'సెల్డమ్', 'నో సూనర్' వాక్యం మొదట్లోకి వస్తే జరిగేదీ ఇదే. ఒక్కటి అర్థమైతే నీ నోట్సులో సగం పేజీలు అక్కర్లేదు.

ఫ్రిస్కో_బావ:
మేడమ్, 'వేర్ ఈజ్' అన్నా బస్ స్టాండుకి దారి చూపిస్తారు కదా!

హైస్కూల్_టీచరమ్మ:
చూపిస్తారు. మీ క్లయింటుకి వెళ్లే మెయిల్‌లో అలా రాస్తారా మరి?

ఫ్రిస్కో_బావ:
రాయను. ఆ ఒక్కటీ మీదే. 'లెస్ట్' దగ్గర మాత్రం తగ్గను.

కోదాడ_కుర్రాడు:
అయితే ఆ 'లెస్ట్' లిస్టు పరీక్షకి వారం ముందు చూస్తాను. ఈ లోపు ఎడిటోరియల్‌లో క్రియ ముందుకొచ్చిన వాక్యాలకి గీత పెట్టుకుని, వాటినే పైకి చదువుతాను.

రైలుబండి:
వారం ముందు జీకేతోనే తల తిరుగుతుంది తమ్ముడూ. ఇప్పుడే చూసుకో.