కంప్యూటర్లో ఆపిన హ్యాండ్‌హెల్డ్ ఆటను ఫోన్‌లో అక్కడి నుంచే కొనసాగించడం ఎలా?

ప్రశ్న: మూడోజీవం

నా దగ్గర చేతిలో పట్టుకుని ఆడే (హ్యాండ్‌హెల్డ్) కన్సోళ్లు రెండు, ఒక గేమ్ బాయ్ అడ్వాన్స్, ఒక పీఎస్‌పీ ఉన్నాయి. మొదటిదాని బటన్లు అరిగిపోయాయి, రెండోదాని బ్యాటరీ ఉబ్బిపోయింది. అందువల్ల నా కార్ట్రిడ్జ్‌ల నుంచీ యూఎండీ డిస్కుల నుంచీ ఆటలను ఫైళ్లుగా తీసుకుని, కొంతకాలంగా కంప్యూటర్లోనే ఆడుతున్నాను. అడ్వాన్స్ ఆటలకు ఎంజీబీఏ, పీఎస్‌పీ ఆటలకు పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్లు, అంటే ఆ కన్సోళ్లను అనుకరించే ప్రోగ్రాములు, వాడుతున్నాను. కంప్యూటర్లో ఈ రెండింటితోనూ నాకు చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏదీ రాలేదు.

ఇబ్బందులన్నీ అవే ఆటలను ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొనసాగిద్దామనుకున్నప్పుడు మొదలయ్యాయి. కంప్యూటర్లో చేసుకున్న సేవ్ స్టేట్ ఫైలును ఫోన్‌లోని మరో అడ్వాన్స్ ఎమ్యులేటర్‌కు ఇస్తే అది తెరవనే లేదు. సరే, మొదటి నుంచి ఆడదామని పోకేమాన్ ఫైర్‌రెడ్‌ను అందులో పెడితే, '1ఎం సబ్ సర్క్యూట్ బోర్డ్' లేదంటూ ఒక సందేశం వచ్చింది. అది దేని గురించి చెబుతున్నదో నాకు అర్థం కాలేదు. పీఎస్‌పీ విషయానికి వస్తే, కంప్యూటర్ నుంచి సేవ్‌ల ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టినా ఆటలో 'సేవ్ డేటా లేదు' అనే వస్తోంది. పైగా ఒక కార్ల పందెం ఆట కాసేపు బాగానే నడిచి, ఆ తర్వాత నెమ్మదించి, శబ్దం చిటపటలాడుతోంది. నా ఫోన్ కంప్యూటర్ కంటే కొత్తది కనుక ఇది మరీ వింతగా ఉంది. దీనికి బయాస్ ఫైలు (కన్సోల్‌లోనే ఉండే దాని సొంత సాఫ్ట్‌వేర్ ప్రతి) లేకపోవడం కారణమా? తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

సమాధానం 1: కార్ట్రిడ్జ్‌పెట్టె

మూడోజీవం గారూ, మీ మొదటి మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. 'సేవ్' అనే ఒకే మాటతో మనం రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం.

సేవ్ స్టేట్ అంటే ఆ క్షణంలో ఎమ్యులేటర్ లోపల ఉన్నదంతా, అంటే ప్రాసెసర్ రిజిస్టర్లు, ప్రధాన మెమరీ, చిత్రాల మెమరీ, శబ్దం చేసే భాగం ఏ దశలో ఉన్నదన్న సమాచారం, అన్నింటినీ ఒక ఫైల్లోకి దింపుకోవడం. ఆ ఫైల్లో ఏది ఏ వరుసలో ఉండాలన్నది ఆ ఎమ్యులేటర్ రాసినవారు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న ఏర్పాటు కాబట్టి, వేరే ఎమ్యులేటర్ దాన్ని చదవలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక్కోసారి అదే ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ కూడా పాత స్టేట్‌ను తిరస్కరిస్తుంది. ఈ సంగతి నేను ఒక అప్‌డేట్ తర్వాత దాదాపు 40 గంటల ఆటను పోగొట్టుకుని తెలుసుకున్నాను. తప్పు ఆ ఎమ్యులేటర్‌ది కాదు; ఆట లోపలి మెనూలో ఒక్కసారైనా సేవ్ చేయకుండా అన్ని వారాలు నెట్టుకొచ్చింది నేనే.

ఆట లోపల, ఆట మెనూ ద్వారా చేసే సేవ్ అలాంటిది కాదు. అసలు కార్ట్రిడ్జ్‌లోని చిన్న చిప్‌లో ఏ బైట్లు ఉండేవో ఆ బైట్లే ఫైలుగా వస్తాయి. అందుకే అది ఏ ఎమ్యులేటర్‌లోనైనా చెల్లుతుంది. తగిన పరికరం ఉంటే తిరిగి కార్ట్రిడ్జ్‌లోకి కూడా ఎక్కించుకోవచ్చు.

ఇక ఆ వింత సందేశం. గేమ్ బాయ్ అడ్వాన్స్ కార్ట్రిడ్జ్‌లలో సేవ్ చిప్ అన్నింటికీ ఒకే రకం కాదు. కొన్నింటిలో బ్యాటరీతో నిలిచే 32 కిలోబైట్ల ఎస్‌రామ్ ఉండేది, కొన్నింటిలో 512 బైట్ల లేదా 8 కిలోబైట్ల ఈప్రామ్ ఉండేది, మరికొన్నింటిలో 64 లేదా 128 కిలోబైట్ల ఫ్లాష్ ఉండేది. తనలో ఏ చిప్ ఉందో ఆట ఫైలు మొదటి భాగంలో ఎక్కడా సూటిగా రాసి ఉండదు. ఎమ్యులేటర్ ఆట కోడ్‌ను బట్టో, ఫైల్లో దాగిన కొన్ని గుర్తులను బట్టో ఊహించుకోవాలి. ఫైర్‌రెడ్‌కు కావలసింది 128 కిలోబైట్ల ఫ్లాష్, అంటే సరిగ్గా 1 మెగాబిట్. సందేశంలోని '1ఎం' అదే. మీ ఫోన్‌లోని ఎమ్యులేటర్ 64 కిలోబైట్ల చిప్ అనుకుని ఉంటుంది. తనకు కావలసిన చిప్ కనిపించక ఆట ఫిర్యాదు చేస్తోంది. సెట్టింగుల్లో సేవ్ రకాన్ని 'ఫ్లాష్ 128కే' అని మార్చి, ఇప్పటికే తప్పు పరిమాణంలో తయారైన సేవ్ ఫైలును తొలగించి, ఆటను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. సరైన ఫైలు పరిమాణం 1,31,072 బైట్లు ఉండాలి. 65,536 కనిపిస్తే ఊహ తప్పిందని అర్థం.

కంప్యూటర్ నుంచి తెచ్చే సేవ్ ఫైలు పేరు ఫోన్‌లోని ఆట ఫైలు పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఎంజీబీఏ చివర 'సావ్' అని పెడుతుంది, రెట్రోఆర్క్ అనే మరో ఎమ్యులేటర్ ప్రోగ్రాము అయితే 'ఎస్‌ఆర్‌ఎం' అని వెతుకుతుంది. చాలా సందర్భాల్లో ఆ చివరి అక్షరాలు మారిస్తే చాలు, లోపలి బైట్లు అవే.

ఒక ప్రమాదాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. చాలా ఎమ్యులేటర్లలో సేవ్ స్టేట్ లోపల ఆనాటి సేవ్ చిప్ ప్రతి కూడా ఉంటుంది. ఫోన్ నుంచి కొత్త సేవ్ తెచ్చుకుని, అలవాటు కొద్దీ కంప్యూటర్లోని పాత స్టేట్‌ను లోడ్ చేస్తే, తెచ్చుకున్న సేవ్ మీద పాతది వచ్చి కూర్చుంటుంది. అందువల్ల పరికరం మారేటప్పుడల్లా ఆట లోపల సేవ్ చేసి, ఆటను మూసి, ఫైలు కాపీ చేసి, రెండో పరికరంలో ఆటను మొదటి తెర నుంచి ప్రారంభించండి. క్లౌడ్ ఫోల్డర్ ద్వారా ఫైళ్లను సమానం చేసుకునేవారు రెండు చోట్లా ఒకేసారి ఆట తెరిచి ఉంచకూడదు.

పీఎస్‌పీకి కార్ట్రిడ్జ్ చిప్ బదులు మెమరీ స్టిక్ ఉంది. పీపీఎస్ఎస్‌పీపీ దాని ఫోల్డర్ల అమరికను యథాతథంగా పాటిస్తుంది. 'పీఎస్‌పీ' ఫోల్డర్, దాని లోపల 'సేవ్‌డేటా', దాని లోపల ఒక్కో ఆటకు ఆ డిస్క్ సంఖ్యతో మొదలయ్యే ఫోల్డర్ ఉండాలి. ఆ సంఖ్య 'యూఎల్‌యూఎస్'తో మొదలైతే అమెరికా ప్రతి, 'యూఎల్‌ఈఎస్'తో మొదలైతే యూరప్ ప్రతి. ఒక ప్రతి సేవ్‌ను సాధారణంగా మరో ప్రతి గుర్తించదు. మీరు ఒకే డిస్క్ ఫైలు వాడుతున్నారు కాబట్టి మీ లోపం ఇది కాకపోవచ్చు. ఫోల్డర్ ఒక మెట్టు పైనో కిందనో పడి ఉంటుంది, చూడండి. ఫోన్‌లో పీపీఎస్ఎస్‌పీపీ మొదటిసారి తెరిచినప్పుడు డేటా ఎక్కడ ఉంచాలని అడుగుతుంది. అప్పుడు మీరే ఒక ఫోల్డర్ తయారు చేసి చూపించడం మేలు, ఎందుకంటే యాప్ సొంత స్థలంలో ఉంచితే యాప్ తీసేసిన రోజున సేవ్‌లు కూడా దానితోపాటే పోతాయి.

సమాధానం 2: ఫ్రేములెక్క

సేవ్‌ల గురించి పై మిత్రులు చెప్పినదానికి కలపవలసింది లేదు. నేను వేగం సంగతి చెబుతాను.

బయాస్‌కూ మీ సమస్యకూ సంబంధం లేదు. పీపీఎస్ఎస్‌పీపీ పీఎస్‌పీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్ చేసే పనులను తానే సొంతంగా రాసుకున్న కోడ్‌తో చేస్తుంది కాబట్టి దానికి ఆ ఫైలు అక్కరలేదు. ఎంజీబీఏలో కూడా 16 కిలోబైట్ల అసలు బయాస్‌కు సొంత ప్రత్యామ్నాయం ఉంది.

చిటపట శబ్దాన్ని శబ్ద సమస్యగా చూడకండి. ఎమ్యులేటర్ ఆట కాలాన్ని ఎంత ముందుకు నడిపితే అంత శబ్దమే తయారవుతుంది. ఫోన్ స్పీకర్‌కు మాత్రం గడియారం ప్రకారం అందుతూ ఉండాలి. ఆట వెనకబడిన క్షణంలో స్పీకర్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు, ఆ ఖాళీలే మీకు చిటపటలుగా వినిపిస్తున్నాయి. శబ్దం సెట్టింగులతో గంటల తరబడి కుస్తీ పట్టేవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమందికి కావలసింది చిత్రాల భారం తగ్గించడమే.

పీఎస్‌పీ తెర 480×272 చుక్కలు, అంటే మొత్తం 1,30,560. పీపీఎస్ఎస్‌పీపీలో రెండరింగ్ రిజల్యూషన్‌ను నాలుగు రెట్లు చేస్తే 1920×1088 అవుతుంది. 'నాలుగు రెట్లు' అన్నది వెడల్పుకూ ఎత్తుకూ విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి పని పెరిగేది 16 రెట్లు. కంప్యూటర్లోని గ్రాఫిక్స్ కార్డు వెనక ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ఫోన్‌కు ఫ్యాన్ లేదు. కాసేపటికి వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించుకుంటుంది. 'కాసేపు బాగానే నడిచి తర్వాత నెమ్మదించింది' అని మీరు రాసిన వాక్యమే దీనికి నిదర్శనం. రిజల్యూషన్‌ను రెండు రెట్లకు దించండి, బ్యాటరీ సేవర్‌ను ఆపండి, ఆడుతూ ఛార్జింగ్ పెట్టకండి, చిత్రాలు గీసే పద్ధతులైన వల్కన్, ఓపెన్‌జీఎల్ రెండింటినీ మార్చి చూడండి. ఏది మేలో ఫోన్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఆధారపడుతుంది, ముందే చెప్పడం కష్టం. ఫ్రేమ్‌స్కిప్‌ను, అంటే కొన్ని ఫ్రేములను గీయకుండా వదిలేయడాన్ని, చివరి మార్గంగా మాత్రమే వాడండి. పందెం ఆటలో మలుపు ఎప్పుడు తిరగాలో చెప్పేవి ఆ వదిలేసిన ఫ్రేములే.

పీఎస్‌పీ ప్రాసెసర్ గరిష్ఠ వేగం 333 మెగాహెర్ట్జ్ మాత్రమే కదా, నేటి ఫోన్‌కు అదెంత అని అనిపిస్తుంది. అయితే అది మిప్స్ రకం ప్రాసెసర్, ఫోన్‌లోనిది ఆర్మ్. ఆట ఇచ్చే ఆదేశాలను నడుస్తుండగానే ఆర్మ్ భాషలోకి తిరగరాసే జిట్ అనే పద్ధతి ఉండబట్టే ఇది సాధ్యమవుతోంది. ఐఫోన్లలో యాప్ స్టోర్ యాప్‌లకు జిట్ అనుమతి లేదు. 2024 ఏప్రిల్‌లో యాపిల్ పాత కన్సోళ్ల ఎమ్యులేటర్లను అనుమతించాక పీపీఎస్ఎస్‌పీపీ అక్కడికి కూడా వచ్చింది కానీ, జిట్ లేకుండానే నడుస్తుంది. మీది ఆండ్రాయిడ్ కాబట్టి ఈ చిక్కు లేదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కొంచెం ఆలస్యంగా వినిపిస్తే అది వేరే సంగతి. ఎమ్యులేటర్ దాన్ని సరిచేయలేదు, తీగ ఉన్నవి వాడుకోవాలి.

సమాధానం 3: రెండుతెరలు

మొదటి సమాధానంతో నాకు ఒక చోట పేచీ ఉంది. సేవ్ స్టేట్‌ను అంతగా అనుమానించడం సరికాదు. హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ గొప్పతనమే ఎక్కడంటే అక్కడ ఆపగలగడం. పీఎస్‌పీలో పవర్ మీటను ఒకసారి జరిపితే అది నిద్రలోకి జారుకునేది, నింటెండో డీఎస్ అయితే మూత మూస్తే చాలు. పిలుపు వస్తే మధ్యలో మూసేసే ఫోన్‌లో ఆ నిద్రకు బదులు ఉన్నది సేవ్ స్టేట్ ఒక్కటే, ఎందుకంటే వెనక ఉండిపోయిన యాప్‌ను ఆండ్రాయిడ్ ఎప్పుడైనా మూసేయవచ్చు. యాప్ మూసుకునేటప్పుడు తనంతట తాను స్టేట్ చేసుకునే సెట్టింగ్ మీ ఎమ్యులేటర్‌లో ఉంటే దాన్ని పెట్టుకోండి. అదే పరికరంలో, అదే వెర్షన్‌లో, మరుసటి గంటకు మళ్లీ తెరవడానికి అది చక్కగా పనికొస్తుంది. పరికరం మారాలంటే మాత్రం పై పద్ధతే పాటించాలి, అందులో వాదన లేదు.

మీరు అడగకపోయినా తెర గురించి ఒక మాట. అడ్వాన్స్ తెర 240×160 చుక్కలు. దాన్ని ఫోన్ తెర అంతటా సాగదీస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, ఆట కదిలినప్పుడు అలలు కనిపిస్తాయి. పూర్ణ సంఖ్య రెట్లకే పెంచే సెట్టింగ్ పెడితే 1080 ఎత్తున్న తెర మీద ఆరు రెట్లు, అంటే 1440×960 వస్తుంది. చుట్టూ మిగిలే నల్ల అంచులో బటన్లు పెట్టుకోవచ్చు. రంగులు మరీ గాఢంగా, కాంతిగా అనిపిస్తే అది లోపం కాదు. 2001లో వచ్చిన మొదటి అడ్వాన్స్ తెరకు వెనక వెలుగు లేదు కాబట్టి, చీకటిగా కనిపించకూడదని చాలా ఆటలకు రంగులను కావాలనే గాఢంగా, కాంతిగా వేశారు. రంగులు సరిచేసే ఫిల్టర్ పెడితే అసలు తెరకు దగ్గరగా వస్తుంది.

తెర మీది బటన్లతో నెమ్మదైన ఆటలు ఆడవచ్చు, పందెం ఆట ఆడలేం. వేలికి ఏ బటన్ తగిలిందో అద్దం చెప్పదు. చిన్న కంట్రోలర్ ఒకటి జత చేసుకోండి. ఫోన్ నెగ్గే చోటు కూడా ఒకటి ఉంది: వారియోవేర్ ట్విస్టెడ్ లాంటి ఆట కార్ట్రిడ్జ్‌లో తిప్పడాన్ని గుర్తించే సెన్సర్ ఉండేది. ఆ సెన్సర్ ఫోన్‌లో ఎలాగూ ఉంది, కంప్యూటర్లో లేదు. ఎండను కొలిచే సెన్సర్‌తో 2003లో వచ్చిన బోక్‌టాయ్‌కు మాత్రం ఎంజీబీఏలో వెలుతురు ఎంతో మనమే మెనూలో చెప్పాలి. ఇంట్లో కూర్చుని ఎండ పుట్టించుకోవడం ఆ ఆట ఉద్దేశానికే విరుద్ధమని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మూడోజీవం (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫైర్‌రెడ్ సేవ్ ఫైలు చూస్తే సరిగ్గా 65,536 బైట్లే ఉంది. రకం మార్చి, దాన్ని తీసేసి, కంప్యూటర్లోని ఫైలును పేరు మార్చి పెట్టాను. ఆపిన ఊళ్లోనే ఆట తెరుచుకుంది. పీఎస్‌పీ ఫోల్డర్ విషయంలో తప్పు నాదే: 'సేవ్‌డేటా' లోపల మరో 'సేవ్‌డేటా' తయారై ఉంది. రిజల్యూషన్ ఐదు రెట్లు ఉంది, రెండుకు దించాక పందెం ఆట అరగంట పాటు ఒక్క చిటపట లేకుండా నడిచింది. ఫోన్ ఇంకా వేడెక్కుతూనే ఉంది కానీ వేగం తగ్గలేదు. కంట్రోలర్ వచ్చాక, ఓడిపోవడానికి ఎమ్యులేటర్ కారణమా నేనే కారణమా అన్నది తేలుతుంది.