మిద్దె తోటలో జీవామృతం, టైమరు డ్రిప్పు: రెండూ ఒకే పైపులో నడుస్తాయా?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
మిద్దె మీద గ్రో బ్యాగుల్లో వంగ, బెండ, గోంగూర పెంచుతున్నాము. ఎండాకాలంలో ఊరికి వెళితే నీళ్లు పోసేవారు ఉండరు కనుక టైమరుతో నడిచే డ్రిప్పు పెట్టాలనుకుంటున్నాను. జీవామృతాన్ని (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి నీటిలో పులియబెట్టి చేసే ద్రవ ఎరువును) కూడా అదే పైపుల్లో పంపవచ్చా? మా ట్యాంకు మిద్దె మీదే నాలుగడుగుల దిమ్మెపై ఉంది.

మొదటి సమాధానం:
దయచేసి పంపవద్దండి. ఎంత వడకట్టినా పేడలోని సన్నని పీచు, పిండి డ్రిప్పర్లలో చేరి గట్టిపడతాయి. బెల్లంతో పెరిగే సూక్ష్మజీవులు పైపు లోపల జిగురులా పట్టేస్తాయి. పొలంలో డ్రిప్పు ద్వారా ఇచ్చే రైతులకు మంచి ఫిల్టర్లు, పైపులను కడిగే మోటారు ఒత్తిడి ఉంటాయి. ఎకరానికి ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. మీకు అందులో పదో వంతే ఎక్కువ. నీడలో 48 గంటలు ఉంచి, పూటపూటా కర్రతో తిప్పి, పదింతల నీటిలో కలిపి చెంబుతో మొక్కల మొదళ్లలో పోయండి. అలా పోసేటప్పుడే ఆకుల అడుగున తెల్లదోమ కూడా కంటపడుతుంది.

రెండవ సమాధానం:
నీటి విషయానికి వస్తే, నాలుగడుగుల ఎత్తుకు వచ్చే ఒత్తిడి సుమారు 0.12 బార్ మాత్రమే. ఒత్తిడిని సమం చేసే డ్రిప్పర్లకూ, సోలినాయిడ్ వాల్వు (విద్యుత్ అయస్కాంతంతో తెరుచుకునే వాల్వు) టైమర్లలో చాలావాటికీ అది చాలదు. తక్కువ ఒత్తిడికీ పనిచేసే బాల్ వాల్వు టైమరు, మామూలు డ్రిప్పర్లు తీసుకోండి. బోరు నీరైతే డ్రిప్పర్లలో ఉప్పు పేరుకుంటుంది గనుక అప్పుడప్పుడు విప్పి కడగాలి. పెద్ద తొట్లలో మాత్రం గ్లేజు వేయని మట్టి కుండను మెడ వరకు పాతి, డ్రిప్పు గొట్టం చివరను ఆ కుండలోకే వదలండి. నీరు కుండ గోడల గుండా చుట్టూ మట్టి ఆరిన మేరకే ఊరుతుంది; టైమరు ఒక పూట ఆగినా వేళ్లకు తేమ అందుతుంది. పాత పద్ధతికి కొత్త పరికరం ఇంతకంటే బాగా తోడుపడిన ఏర్పాటు నేను చూడలేదు.

మూడవ సమాధానం:
పెద్ద తొట్లు అన్నారు కనుక బరువు సంగతి కూడా చెప్పాలి. మనుషులు తిరిగే మిద్దెకు ఐఎస్ 875 (భవనాలపై భారాల లెక్కకు వాడే భారతీయ ప్రమాణం) లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. అడుగు లోతు తడి మట్టే అంత స్థలంలో 500 కిలోల వరకు తూగుతుంది. అందువల్ల మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు ఎక్కువగా కలపండి; తొట్లను దూలాల మీదుగా అమర్చి, ముందుగా ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.