ఉగాదికి భారం కాని సంకల్పం ఏదైనా చెప్పండి

వేపపువ్వు: జనవరిలో డైరీ కొని పెద్ద పెద్ద తీర్మానాలు రాసుకోవడం నా ఒంటికి పడదు. 2026 మార్చి 19న పరాభవ నామ సంవత్సరం మొదలవుతోంది. ఆ రోజు నుంచి మనసుకు హాయినిచ్చే పని ఒకటి పట్టుకోవాలని ఉంది. బరువు తగ్గమని, తెల్లవారుజామునే లేవమని మాత్రం చెప్పకండి. అందుకు మా ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారు.

పెరటిమొక్క: రాత్రి భోజనాలయ్యాక ఫోనును కందిపప్పు డబ్బా వెనుక పెట్టేస్తాను. మోగితే వినిపిస్తుంది, చేతికి మాత్రం అందదు. అంతకుమించి నియమాలు లేవు.

గోదారిగట్టు: పూజలో సంకల్పం చెప్పించేటప్పుడు సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి దాకా దిగివస్తారు. అంటే ఆ ఒక్క రోజుకే! నేనూ ‘ఈ పూట’ అనే అనుకుంటాను. ఈ ఉగాది పూట అత్తయ్య పక్కన కూర్చుని పంచాంగ శ్రవణం వింటాను. నా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వస్తే ఇద్దరం నవ్వుకుంటాం.

పాతపెట్టె: మరీ ఒక్క పూటైతే సంకల్పం ఎలా అవుతుందండీ? కొంచెం సాగాలి. నేను నెలకొకసారి కాకినాడలోని పెద్దమ్మకు పోస్టుకార్డు రాస్తాను. అందగానే ఫోను చేసి, అక్షరాలు వంకరగా ఉన్నాయని తిడుతుంది.

వేపపువ్వు: పోస్టుకార్డు బాగుందండీ. మా బాబాయికి రాస్తాను, ఆయన తిట్లు ఇంకా ఘాటుగా ఉంటాయి.